హోమ్‌స్కూల్ అమ్మలూ, ఆ పోస్టు పెట్టే ముందు…

2021లో ఒక ఆదివారం మధ్యాహ్నం నేనొక రీల్ పెట్టాను. ఆరేళ్ల మా వాడు తెల్ల చొక్కా వేసుకుని బైబిల్లోని 91వ కీర్తన పదహారు వచనాలూ తెలుగులో కంఠతా చెప్తున్నాడు. కింద నేను రాసింది ఇది: "అమెరికాలో పుట్టిన బిడ్డ. బడికి పంపి ఉంటే ఈ రోజును చూసేదాన్నా? హోమ్‌స్కూల్ చేయమని ప్రేరేపించిన దేవునికే సమస్త మహిమ." సాయంత్రానికి నూట ఎనభై లైకులు. ఆమెన్‌లకైతే లెక్కే లేదు. రాత్రి తొమ్మిదింటికి గుంటూరు నుంచి మా చిన్నాన్న కూతురు ఒక్క లైను రాసింది. తను గవర్నమెంట్ స్కూల్లో టీచర్. "చాలా బాగుంది అక్కా. లెక్కలు ఎక్కడిదాకా వచ్చాయి?"

అప్పటికి వాడు పది దాటిన కూడిక ఇస్తే చేతివేళ్లు అయిపోయి కాలివేళ్లు చూసుకుంటున్నాడు. అది నాకు తెలుసు. ఆ రీల్ ఏడో టేక్ అనీ, ఆరో టేక్‌లో వాడు ఏడ్చాడనీ కూడా నాకు తెలుసు. అందుకే ఆ కామెంటు తీసేశాను. రెండు రోజులాగి, "సత్యమార్గంలో నడిచేవారికి నిందలు తప్పవు" అని ఇంకో పోస్టు పెట్టాను. దానికి మూడొందల లైకులు వచ్చాయి.

మేం డాలస్ దగ్గర ఉంటాం. 2020లో కోవిడ్ అప్పుడు మొదలుపెట్టిన హోమ్‌స్కూల్ ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఏడాది అలా మొదలుపెట్టినవాళ్లు చాలామందే. అమెరికా సెన్సస్ బ్యూరో సర్వేలో, బడి వయసు పిల్లలున్న ఇళ్లలో పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నామన్న కుటుంబాలు ఆ వసంతంలో 5.4 శాతం ఉంటే, అక్టోబరు నాటికి 11.1 శాతం అయ్యాయి. కాబట్టి హోమ్‌స్కూల్ మంచిదా చెడ్డదా అనే గొడవలోకి నేను వెళ్లను. భక్తి కోసం పిల్లల్ని ఇంట్లో చదివిస్తూ, ఆ సంగతి ఊరందరికీ చెప్పాలని చెయ్యి లాగేస్తున్న అమ్మల కోసం రాస్తున్నాను. నేను క్రైస్తవురాలిని కాబట్టి నా ఉదాహరణలన్నీ చర్చి చుట్టూనే తిరుగుతాయి. మీరు పిల్లలకు గీత శ్లోకాలు నేర్పే అమ్మ అయినా, ఖురాన్ హిఫ్జ్ (మొత్తం కంఠతా) చేయించే అమ్మ అయినా పేర్లు మార్చుకుని చదువుకోండి. జబ్బు ఒకటే.

ముందుగా పాత పోస్టులు దింపి చూసుకోండి

ఒక గంట తీరిక చేసుకోండి. పిల్లలు పడుకున్నాక అయితే మంచిది. మీ ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాలోనో చివరి ముప్పై పోస్టులు తెరవండి. ఫొటోలు చూడొద్దు. చూస్తే ముద్దొస్తాయి, ఇక పని జరగదు. రాసిన మాటలు మాత్రమే చదవండి. ఒక నోట్‌బుక్కు పెట్టుకుని, ఒక్కో పోస్టుకు ఎదురుగా ఒకే ఒక్క విషయం రాయండి: ఇది ఎవరికి జవాబు?

దాదాపు ప్రతిదానికీ ఎవరో ఒకరు ఉంటారు. నా ముప్పైలో పదకొండు మా అత్తగారికి జవాబులు. "ఇంట్లో కూర్చోబెడితే పిల్లాడు మొద్దవుతాడు" అని ఆవిడ ఒక్కసారే అన్నారు, అదీ ఫోన్లో. దానికి నేను పదకొండుసార్లు బదులిచ్చాను, ఆవిడకు ఫేస్‌బుక్ లేకపోయినా. నాలుగు మా చర్చిలో పిల్లల్ని పబ్లిక్ స్కూల్‌కు పంపే ఒక సిస్టర్‌కు. రెండు నాతో ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు మేనేజర్ అయిన నా స్నేహితురాలికి. ఆ రెండూ రాస్తున్నప్పుడు ఆమె నా మనసులో ఉందని కూడా నాకు తెలియదు. నోట్‌బుక్కులో పేరు రాసినప్పుడు తెలిసింది.

మరికొన్ని ఇంకెవరెవరికో. ఎవరికీ జవాబు కానివి ఆరో ఏడో మిగిలాయి. ఒకటి పెరట్లో పిల్లలు పట్టిన గొంగళిపురుగు గురించి. ఒకటి నేను రొట్టె మాడ్చిన రోజు గురించి. విచిత్రమేమిటంటే ఇప్పుడు చదివినా నాకు నచ్చేవి అవే.

జవాబు పోస్టుల్లో బిడ్డ పని ఏమిటో గమనించండి. మీకూ ఇంకొకరికీ నడుస్తున్న దావాలో వాడు మీ తరఫు సాక్షి. బోనెక్కించి పద్యం చెప్పిస్తున్నారు. దావా సంగతి వాడికి తెలియదు, సాక్ష్యం చెప్తానని వాడు ఒప్పుకోనూ లేదు.

డప్పు ఎక్కడెక్కడ దాక్కుంటుందో తెలుసుకోండి

"మా వాడు క్లాస్ ఫస్ట్" అనే పాతకాలపు డప్పును గుర్తుపట్టడం తేలిక. హోమ్‌స్కూల్ అమ్మల డప్పుకు మెత్తటి గుడ్డ చుట్టి ఉంటుంది.

మొదటి గుడ్డ దేవుని పేరు. మన తెలుగు సంఘాల్లో ఇది మరీ ఎక్కువ. ఐదు లైన్లు మన గురించి రాసి ఆరో లైన్లో "సమస్త మహిమ దేవునికే" అంటాం. మహిమ ఆయనకు, లైకులు మనకు. ఒక చిన్న పరీక్ష చెప్తాను: ఆ ఆఖరి లైను తీసేసి పోస్టు చదవండి. మిగిలిన ఐదు లైన్లూ దేవుడు లేకుండా హాయిగా నిలబడితే, ఆ ఆరోది మహిమ కాదు, మూత. సాక్ష్యం అనే మాటను మనం చిన్నప్పటినుంచీ ఉజ్జీవ కూటాల్లో వింటున్నాం. అక్కడ నిలబడి సాక్ష్యం చెప్పేవాళ్లు ముందు పడిపోయిన సంగతి చెప్తారు, లేపిన సంగతి తర్వాత వస్తుంది. పడిపోవడం లేకుండా లేపడం ఒక్కటే చెప్తే దాన్ని మా ఊళ్లో సాక్ష్యం అనరు.

రెండో గుడ్డ పోలిక. "బడిలో అయితే…", "ఈ రోజుల్లో పిల్లలు…", "లోకం వాళ్ల పిల్లలు…" ఈ మూడు మాటల్లో ఏది కనబడినా ఆ వాక్యం మొత్తం కొట్టేయండి. మీ పోస్టు చదివేవాళ్లలో సగం మంది పిల్లలు ఆ బడులకే వెళ్తున్నారు. ఆలయంలో నిలబడి, ఇతరుల్లా తాను లేనందుకు కృతజ్ఞతలు చెప్పుకున్న పరిసయ్యుడి కథ మనం పిల్లలకు ఫ్లానెల్ బొమ్మలు అంటించి మరీ నేర్పుతాం. నేర్పి, ఆ ఫొటో పోస్టు చేస్తాం.

మూడోది అన్నిటికన్నా మోసకారి. అదే వినయం. "ఈ పిల్లల్ని పెంచడానికి నేను పనికిరాని దాన్ని, అయినా ఉదయం ఐదింటికే లేచి బైబిల్ తెరుస్తున్నారు." దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చదువుతుంటేనే ఒళ్లు జిలపుడుతుంది కదా.

ఇంట్లో పిల్లలకు నేర్పాలని మనమంతా పట్టుకునేది బైబిల్లో ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయాన్ని. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమంటుంది. ఫోన్ పైకెత్తినప్పుడు అని అందులో లేదు.

ఆకలి ఎక్కడుందో చూడండి, దానికి వేరే అన్నం పెట్టండి

ఈ మెట్టు దాటేసి కిందివి ఎన్ని చేసినా పది రోజుల ముచ్చటే. కొంచెం నిదానంగా చదవండి.

నాలాంటి చాలామంది ఇక్కడికి హెచ్‌4 వీసా మీద, అంటే భర్త ఉద్యోగ వీసాకు జతగా ఇచ్చేదాని మీద వచ్చారు. 2015 నుంచి కొందరికి పని చేసుకునే అనుమతి దొరుకుతోంది కానీ, భర్త గ్రీన్ కార్డు దారిలో ఒక దశ దాటాకే. ఈలోపు ఇల్లే ఆఫీసు. హోమ్‌స్కూల్ అంటే వంట, గిన్నెలు, లాండ్రీ మధ్యలో రోజుకు నాలుగైదు గంటల టీచర్ ఉద్యోగం. జీతం లేదు, అప్రైజల్ లేదు. "ఈ క్వార్టర్ బాగా చేశావు" అనే మేనేజర్ లేడు. భర్త సాయంత్రం వచ్చి ఇల్లు చూసి "ఏంటి ఇంకా సర్దలేదా" అంటాడు. అమ్మ ఫోన్ చేసి "పిల్లాణ్ని బళ్లో వేసి నువ్వూ ఏదైనా చేసుకోవచ్చుగా" అంటుంది. అప్పుడు నూట ఎనభై లైకులు అప్రైజల్‌లా ఉంటాయి. అది తప్పని నేననను. ఎవరో ఒకరు చూడాలనుకోవడం మనిషి గుణం. కాకపోతే ఆ అప్రైజల్‌కు బిడ్డ చేత సంతకం పెట్టించకూడదు.

నాకు పనికొచ్చినవి రెండే. ఒకటి రికార్డు, ఇంకొకటి ఒక మనిషి.

రికార్డు అంటే మామూలు రూళ్ల పుస్తకం. టెక్సాస్‌లో హోమ్‌స్కూల్‌కు రిజిస్ట్రేషన్ లేదు, ఎవరూ వచ్చి తనిఖీ చేయరు. 1994లో టెక్సాస్ సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇల్లు కూడా ప్రైవేటు స్కూల్ లెక్కేనని ఒప్పుకుంది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ నిజాయితీగా నేర్పితే చాలు. న్యూయార్క్‌లో ఉన్నవాళ్లు ముందే ప్లాన్ ఇచ్చి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. పెన్సిల్వేనియాలో పిల్లల పని అంతా పోర్ట్‌ఫోలియోగా దాచి ఏడాదికోసారి ఎవాల్యుయేటర్‌కు చూపించాలి. నాకు చాలా రోజులు టెక్సాస్ స్వేచ్ఛ గొప్పగా అనిపించేది. ఇప్పుడు ఒక ఎవాల్యుయేటర్ నాకూ ఉండి ఉంటే నూట ఎనభై లైకుల కోసం వెతుక్కునేదాన్ని కాదేమో అనిపిస్తుంది.

కాబట్టి మీ రాష్ట్రం అడగకపోయినా ఆ పుస్తకం పెట్టండి. రోజుకు నాలుగు లైన్లు. తేదీ, ఏం చదివారు, లెక్కల్లో ఏ పేజీ, ఎక్కడ ఆగిపోయారు. ఆ నాలుగోదాన్ని మాత్రం ఎప్పుడూ వదలొద్దు. "భాగహారంలో శేషం వస్తే కంగారు." "ఒత్తులు రాయమంటే వేళ్లు నొప్పి అంటున్నాడు." ఇలా ఆర్నెల్లు రాస్తే రెండు లాభాలు. మీ చెల్లెలు లెక్కలు ఎక్కడిదాకా వచ్చాయని అడిగినప్పుడు జవాబు మీ దగ్గర ఉంటుంది, గుండె దడదడలాడదు. రేపు హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ (చదివిన సబ్జెక్టులు, మార్కుల పట్టిక) తయారు చేయాల్సింది కూడా మీరే కాబట్టి అప్పటికి ఈ అలవాటే చేతికొస్తుంది. టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలు హోమ్‌స్కూల్ పిల్లలను మిగతావాళ్లతో సమానంగా చూడాలని చట్టం ఉంది. కానీ సమానంగా చూడటానికి వాళ్ల చేతిలో ఒక కాగితం ఉండాలి. రీళ్లు చెల్లవు.

మనిషి అంటే మీ గొప్పలన్నీ ఓపిగ్గా వినే ఒక్కరు. నాకు మా పెద్దమ్మ. శుక్రవారం రాత్రి అరగంట వాట్సాప్ కాల్. ఆమెకు ఏదైనా చెప్పొచ్చు, పోలికలు కూడా. ఆమె "అబ్బో, నా బంగారమే" అంటుంది, తర్వాత "నువ్వు అన్నం తిన్నావా" అంటుంది. ఆ రెండో ప్రశ్న నూట ఎనభై మందిలో ఒక్కరూ అడగలేదు.

రాసింది తిరగరాయండి

ఇక పోస్టు పెట్టాలనే ఉంటే పెట్టండి. పూర్తిగా మానేయమంటే నేనే మానలేదు. రాసిన వెంటనే పెట్టకుండా డ్రాఫ్ట్‌లో ఒక రాత్రి ఉంచి, పొద్దున్న ఇలా దిద్దండి.

మొదట, బిడ్డ గుణం చెప్పే మాటలు తీసేసి, జరిగిన పని చెప్పండి. రెండోది, ఎంతసేపు పట్టిందో, ఎన్నిసార్లు చెడిందో రాయండి. మూడోది, ఇంకొక అమ్మకు పనికొచ్చేది ఒక్కటైనా ఉండాలి: పుస్తకం పేరో, చిట్కానో, ఎక్కడ కొన్నారో. అలాంటిది ఏదీ దొరక్కపోతే ఆ పోస్టు పెద్దమ్మకు పంపండి.

నా 91వ కీర్తన పోస్టునే ఇప్పుడు రాస్తే ఇలా ఉంటుంది: "91వ కీర్తన తెలుగులో నేర్చుకోవడానికి మాకు తొమ్మిది వారాలు పట్టింది. వారానికి రెండు వచనాలు అనుకున్నాం, నాలుగో వారంలో అంతా మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చాం. గ్రాంథికం మాటలు నోరు తిరగలేదు. 'నివసించువాడు' అంటే 'ఉండేవాడు' అని ముందు వాడుకలో చెప్పి, తర్వాత వచనం చెప్పించాక కుదిరింది. మీ ఇంట్లో తెలుగు వాక్యాలు నేర్పేవాళ్లు ఏం చేస్తున్నారు?"

ఫొటో అక్కర్లేదు. కావాలంటే పుస్తకం మీద పెన్సిల్ గీతలున్న పేజీ తీసి పెట్టండి. దీనికి నూట ఎనభై లైకులు రావు, ముప్పై వస్తాయి. కానీ కామెంట్లలో ఇద్దరు అమ్మలు వాళ్ల చిట్కాలు రాస్తారు, అందులో ఒకటి మీకు పనికొస్తుంది.

ఇంకో ఉదాహరణ, ఇది నాది కాదు, నేను చూసిందే. ముందు: "ఏడేళ్ల పాప స్వయంగా రొట్టెలు చేసి తమ్ముళ్లకు పెడుతోంది. సామెతలు 31 స్త్రీని తీర్చిదిద్దడం అంటే ఇదే." (బైబిల్లో ఆదర్శ గృహిణిని వర్ణించే అధ్యాయం అది.) దిద్దాక: "ఈ రోజు లెక్కల పాఠం వంటింట్లో. ఒక కప్పు పిండిలో మూడో వంతు ఎంత అని పాప రొట్టెల పిండితో నేర్చుకుంది. నేల తుడవడానికి నలభై నిమిషాలు." మొదటిది చదివితే పాప మీద జాలేస్తుంది. రెండోది చదివితే మనమూ రేపు పిండి తీద్దామనిపిస్తుంది.

సుమతీ శతకంలో పుత్రోత్సాహం పద్యం మా తాతయ్య నాతో వందసార్లు చెప్పించి ఉంటాడు. కొడుకు పుట్టినప్పుడు కాదు, జనం వాడిని చూసి పొగిడినప్పుడు తండ్రికి ఆ సంతోషమట. నిన్ను నీ నోరు కాదు, పరులు పొగడాలని సామెతల గ్రంథం కూడా అంటుంది. అయితే ఆ ఇద్దరిలో ఎవరూ జనం చేత పొగిడించడానికి రింగ్ లైట్ కొనమని చెప్పలేదు. నేను కొన్నాను. ముప్పై రెండు డాలర్లు.

బిడ్డను అడగండి

నాలుగైదేళ్ల పిల్లలు అడిగితే సరే అంటారు, అది ఒప్పుకోలు కాదు. ఆ వయసులో మొహం కనిపించకుండా చేతులో, పనో చూపించండి. ఏడెనిమిదేళ్లు దాటాక ఫోన్ చూపించి, రాసింది చదివి వినిపించి అడగండి. వద్దంటే వద్దు. "ఎందుకు వద్దురా, ఎంత బాగున్నావో చూడు" అని బతిమాలడం కూడా అడగడం కిందికి రాదు. రెండో టేక్ తీయాల్సి వస్తే అక్కడితో ఆపేయండి.

అడిగినా అడక్కపోయినా అసలు పెట్టకూడనివి: ఏడుపు, శిక్ష, మార్కులు, జబ్బు, పక్క తడపడం, మొదటి నెలసరి, పాపం ఒప్పుకున్న ప్రార్థన. చివరిది ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే మనవాళ్లు దాన్ని సాక్ష్యం అనుకుని వీడియో తీస్తారు. వాడు దేవుడితో చెప్పుకున్నది వాడిది.

మీరు పోస్టుల మీద డబ్బు సంపాదిస్తుంటే చట్టం కూడా వస్తుంది. తల్లిదండ్రుల వీడియోల్లో కనిపించే పిల్లలకు ఆదాయంలో వాటా విడిగా దాచాలని ఇల్లినాయ్‌లో 2024 జులై నుంచి చట్టం అమల్లో ఉంది. కాలిఫోర్నియాలో 2025 నుంచి అలాంటిదే వచ్చింది.

విమర్శించేవాళ్లను ఒకే గంపలో వేయకండి

నా పెద్ద తప్పు ఇదే. లెక్కలు అడిగిన చెల్లెల్నీ, దేవుణ్ణి వెక్కిరించిన తెలియని మనిషినీ కలిపి "నిందించేవారు" అని ఒకే పేరు పెట్టాను. విశ్వాసం కోసం నిజంగా దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు. పిల్లాడికి కూడికలు వచ్చా అని అడిగించుకోవడం ఆ లెక్కలోకి రాదు.

ఇంటివాళ్లు అడిగితే, ఆరోజే ఫోన్ చేయండి. కామెంట్లలో జవాబివ్వకండి. "వెనకబడ్డాడు పిన్నీ, ఈ నెలంతా లెక్కల మీదే కూర్చుంటున్నాం" అని ఉన్నది చెప్పండి. నేను మా చెల్లెలికి ఆ మాట చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. చెప్పాక తను అరగంటలో చింతగింజలతో పదుల కట్టలు ఎలా నేర్పాలో వీడియో కాల్‌లో చూపించింది. డాలస్‌లో చింతగింజలు ఎక్కడివి, రాజ్మా గింజలు వాడాం. మూడు వారాల్లో కాలివేళ్ల అవసరం తీరింది. ఆ కామెంటు తీసేసిన రోజు నేను తీసేసింది నాకు ఉచితంగా దొరికిన టీచర్‌ని.

పబ్లిక్ స్కూల్ అమ్మలు మీ పోలికకు నొచ్చుకుని ఏదైనా అంటే, అది విమర్శ కాదు, దెబ్బ తగిలినవాళ్లు అన్న "అబ్బా". ఆ పోలికకు క్షమాపణ చెప్పండి. దాన్ని పోస్టుగా పెట్టొద్దు, అది మళ్లీ ఇంకో డప్పు అవుతుంది. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర పక్కన కూర్చుని చెప్పండి. నేను చెప్పినప్పుడు ఆ సిస్టర్ "నేను చూడలేదులే అక్కా" అంది. చూసిందని ఇద్దరికీ తెలుసు. ఆమె పిల్లలూ మా వాడూ ఇప్పుడు శనివారాలు కలిసి సాకర్ ఆడతారు.

ఇక ఇంట్లోనే చదువుకుని పెద్దయినవాళ్లు. వీళ్లు ఏమైనా అంటే చేతిలో పని పక్కన పెట్టి వినండి. అమెరికాలో భక్తి కోసం హోమ్‌స్కూల్ 1980ల నుంచీ పెద్ద ఎత్తున నడుస్తోంది కాబట్టి ఆ పిల్లలు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లవాళ్లు. ఇంట్లో చదివే పిల్లలకు రక్షణ కావాలని అడిగే ఒక సంస్థను 2013లో అలా పెరిగినవాళ్లే పెట్టుకున్నారు. మా కోఆప్‌లో (హోమ్‌స్కూల్ కుటుంబాలు కలిసి నడుపుకునే క్లాసుల్లో) సైన్స్ చెప్పడానికి వచ్చే ఒక అమెరికన్ ఆమె తొమ్మిది మంది పిల్లల్లో ఒకతె. అప్పట్లో ఫేస్‌బుక్ లేదు, క్రిస్మస్‌కు బంధువులందరికీ ఒక ఫ్యామిలీ లెటర్ వెళ్లేది. "మా అమ్మ రాసిన క్రిస్మస్ ఉత్తరాల్లో నా బాల్యం చాలా బాగుంటుంది" అంది ఒకసారి నవ్వుతూ. నేను నవ్వలేదు.

ముక్కూముఖం తెలియనివాళ్లు కూడా కొన్నిసార్లు కరెక్టే. యూటాలో రూబీ ఫ్రాంకీ అనే ఆమె ఆరుగురు పిల్లల తల్లి, భక్తురాలు. 8 ప్యాసింజర్స్ అనే ఆమె యూట్యూబ్ చానల్‌కు ఇరవై లక్షల మందికి పైగా సబ్‌స్క్రైబర్లు ఉండేవారు. పెద్ద కొడుకు నెలల తరబడి మంచం లేకుండా బీన్ బ్యాగ్ మీద పడుకుంటున్నాడని ఒక వీడియోలో తేలింది. ఆ పిల్లల సంగతి విచారించమని 2020లో చూసేవాళ్లే పిటిషన్ పెట్టారు. 2023 ఆగస్టులో ఆమెను పోలీసులు అరెస్టు చేశారు. పిల్లలను హింసించినట్టు ఆమె ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో నాలుగు శిక్షలు పడ్డాయి, ఒకదాని తర్వాత ఒకటి అనుభవించేలా. 2018లో కాలిఫోర్నియాలోని పెరిస్ ఊళ్లో పదమూడు మంది పిల్లలను బంధించి ఉంచిన ఇల్లు బయటపడింది. ఆ ఇంటి తండ్రి దాన్ని ప్రైవేటు స్కూల్‌గా నమోదు చేయించాడు. ఫేస్‌బుక్‌లో మాత్రం పిల్లలందరూ ఒకే రంగు బట్టలేసుకుని నవ్వుతున్న ఫొటోలు. మీరూ నేనూ అలాంటివాళ్లం కాదు. కానీ నవ్వుతున్న ఫొటో చూసి ఎవరైనా "బిడ్డ బాగున్నాడా" అని అడిగితే వాళ్ల అనుమానానికి ఒక చరిత్ర ఉంది. కోపం తెచ్చుకునే ముందు ఆ రెండు ఇళ్లూ గుర్తు తెచ్చుకోండి. "బాగున్నాడు, అడిగినందుకు థ్యాంక్స్" అని రాయండి, చాలు.

నిజంగా వెక్కిరించడానికే వచ్చేవాళ్లతో పేచీ వద్దు. ఇన్‌స్టాలో రిస్ట్రిక్ట్ నొక్కితే వాళ్ల కామెంటు వాళ్లకే కనిపిస్తుంది, మీరు ఒప్పుకుంటే తప్ప ఇంకెవరికీ కనిపించదు. గోల లేకుండా పోతుంది. స్క్రీన్‌షాట్ తీసి ప్రేయర్ గ్రూపులో పెట్టి "ప్రార్థించండి" అనొద్దు. అక్కడ ప్రార్థన పది నిమిషాలు, పంచాయితీ వారం రోజులు.

ఎవరికైనా సరే, బిడ్డను చూపించి జవాబు చెప్పకండి. "చూడండి, ఇప్పుడు గుణకారాలు కూడా వచ్చు" అని ఇంకో వీడియో పెట్టారంటే బోను మళ్లీ తెరిచినట్టే.

పాతవి సర్దేయండి

ఇది ఒక సాయంత్రం పని. ఫేస్‌బుక్‌లో మీ ప్రొఫైల్ నుంచి యాక్టివిటీ లాగ్‌కు వెళ్తే పాత పోస్టులను గుంపులుగా ఎంచుకుని ఆర్కైవ్‌కో ట్రాష్‌కో పంపొచ్చు. ఆర్కైవ్‌లో ఉన్నవి మీకు మాత్రమే కనిపిస్తాయి. ట్రాష్‌లో వేసినవి ముప్పై రోజుల తర్వాత పోతాయి. తీసేయడానికి మనసొప్పకపోతే వీడియోలు ముందు ఒక హార్డ్ డ్రైవ్‌లోకి దించుకోండి. ఇన్‌స్టాలో కూడా పోస్టు మీద మూడు చుక్కలు నొక్కితే ఆర్కైవ్ ఉంటుంది. వాట్సాప్ స్టేటస్ ఎవరికి కనిపించాలో ప్రైవసీలో ఎంచుకోండి. నాది ఇప్పుడు పద్నాలుగు మందికి.

చేతికందనివి కొన్ని మిగులుతాయి. నా 91వ కీర్తన వీడియో అలా మిగిలింది. మా వాడికిప్పుడు పదకొండేళ్లు. పోయిన వేసవిలో ఒకరోజు వచ్చి, "అమ్మా, అందులో నా కళ్లు ఎర్రగా ఉన్నాయి, తీసెయ్యవా" అన్నాడు. వాడి ఎదురుగానే తీసేశాను. కానీ అప్పటికే అది గుంటూరులో మా పెద్దమ్మ ఫోన్లోకి చేరి ఐదేళ్లయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ కాఫీ కన్నా ముందు అదే చూపిస్తుందట. ఆమెను నేను అడగలేకపోయాను. శుక్రవారం కాల్‌లో వాడే అడిగాడు.

"అది తీసేస్తే నేనేం చూసుకోను నాన్నా, నువ్వేమో ఎక్కడో ఉన్నావు" అంది పెద్దమ్మ.

వాడు కాసేపు ఆలోచించాడు. "సరే అమ్మమ్మా, ఉంచుకో. కానీ నువ్వొక్కదానివే చూడాలి. ఎవరికీ చూపించొద్దు."

"అలాగేలే" అంది. ఆదివారం ఆ ఇంటికి పాస్టరమ్మగారు భోజనానికి వచ్చారట. వీడియో చూపించలేదని, చూపించకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో మాత్రం ఆమెకు గంటసేపు చెప్పానని మర్నాడే ఫోన్ చేసి మా వాడికి లెక్క అప్పజెప్పింది.